విజేందర్ సారు కుర్చీలో మూడు రోజులు

మా మండలంలో నీతి పోయిన శ్రావణం నుండి అమల్లోకి వచ్చింది. అంతకుముందు లేదా అని అడగకండి. ఉండే ఉంటుంది, కానీ కాగితం మీద లేదు. కాగితం మీద లేనిది ఉన్నట్టు కాదని మా మండలాఫీసులో ఎవరిని అడిగినా చెబుతారు.

ఆఫీసు తలుపుకు నోటీసు అంటించారు. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. "ప్రజలకు తెలియజేయునది ఏమనగా, 'కార్యాలయములలో నైతిక విలువలు, బాధ్యతాయుత నాయకత్వము' అను అంశముపై అధికారులకు పాలమూరులో శిక్షణ ఇవ్వబడుచున్నందున, రేపటి నుండి బుధ, గురు, శుక్రవారములు ప్రజల పనులు చేయబడవు. ప్రజలు సహకరించగలరు." సహకరించడానికి మాకేం కష్టం? పంతొమ్మిది రోజులుగా అదే పని మీద ఉన్నాం.

ఆ పంతొమ్మిది రోజుల సంగతి చెప్పాలి. నా మనుమరాలు కోమలకు నల్లగొండలో నర్సు చదువుకు సీటు వచ్చింది. ఈ పిల్ల ఈ మండలం పిల్లేనని మండల అధికారి సంతకం చేసిన కాగితం శనివారం సాయంత్రం ఐదు లోపు కాలేజీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు తర్వాతి పిల్లకు పోతుంది. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క సంతకం కోసం తిరిగిన తిరుగుడే.

కోమల ఎప్పుడు పుట్టిందో, ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మా పక్కింటి పెద్దులు ఎద్దు తప్పిపోయిన మూడో రోజు. మంగళవారం. కందిచేనుకు మందు కొడుతుంటే వాళ్లమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మందు డబ్బా నా వీపు మీదే ఉంది, దించడానికి కూడా మనిషి లేడు. పిల్ల ఏడ్చిన ఏడుపు పక్క తండా దాకా వినిపించింది. కానీ ఇదంతా నేను చెబితే చెల్లదు, విజేందర్ సారు చెబితే చెల్లుతుంది. విజేందర్ సారు మా మండలానికి వచ్చి ఏడాది. ఉండేది హైదరాబాదులో. వారానికి రెండు రోజులు వచ్చి పోతారు. ఏ రెండు రోజులో ముందే చెబితే రద్దీ అవుతుందని చెప్పరు. అంటే ఈ ఊళ్లో ఉండని మనిషి, ఈ ఊళ్లో ఉన్న పిల్ల ఈ ఊళ్లోనే ఉన్నదని రాసివ్వాలన్నమాట. సర్కారు ఊరికే పెట్టదు కదా, అందులో ఏదో లోతు ఉంటుంది.

దరఖాస్తు మొదట నీలం సిరాతో రాసి ఇచ్చాం. నల్ల సిరా కావాలన్నారు. నల్ల సిరాతో ఇస్తే ఫోటో పాతదన్నారు. కొత్త ఫోటో ఇస్తే, పాత ఫోటోలో ఉన్న పిల్ల, కొత్త ఫోటోలో ఉన్న పిల్ల ఒక్కరేనని ఇద్దరు సాక్షులు కావాలన్నారు. సాక్షులను తెచ్చేసరికి సారు లేరు. ఈ పని అంతా చూసే గుమాస్తా పర్వతాలు మాత్రం చాలా మర్యాదస్తుడు. పంతొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా కాదనలేదు. ప్రతిసారీ "సోమవారం రా అవ్వా" అన్నాడు.

ఇక లాభం లేదనుకుని, బుధవారం మొదటి బస్సెక్కి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు పోయాను. సారు అక్కడే ఉంటారు కదా, శిక్షణలో నుండి లేచి పోలేరు కదా, పట్టుకుని సంతకం పెట్టించుకుందామని నా ఆలోచన. నా చిన్ననాటి జోడీ లాల్ బీ ఇల్లు అక్కడే, రైల్వే గేటు దగ్గర. పండుకోవడానికి జాగాకు ఇబ్బంది లేదు.

శిక్షణ ఒక పెళ్లిళ్ల ఫంక్షన్ హాల్లో పెట్టారు. ముందురోజు ఎవరిదో పెళ్లి అయినట్టుంది, వేదిక వెనుక పెండ్లికొడుకు పేరు, పెండ్లిపిల్ల పేరు పూలతో అలాగే ఉన్నాయి. వాటి మీదుగా నీతి బ్యానరు కట్టారు. బ్యానరు పొట్టిదై పెండ్లిపిల్ల పేరు బయటికి కనబడుతూనే ఉంది. అరవై కుర్చీలు వేశారు. పదిన్నరకు వచ్చినవాళ్లు పదకొండు మంది. మొదటి పాఠం సమయపాలన. అది చెప్పవలసిన పెద్దమనిషి ఇంకా దారిలోనే ఉన్నారు.

శిక్షణ ఇచ్చే ప్రణీత మేడం హైదరాబాదు నుండి వచ్చింది. మంచి పిల్ల. కానీ ఆమెకూ పై నుండి ఒత్తిడి ఉంటుంది. నిండుగా ఉన్న కుర్చీల ఫోటో పదకొండు లోపు పంపాలి. అందుకని వంటవాళ్లను, డ్రైవర్లను, షామియానా విప్పడానికి వచ్చినవాళ్లను పిలిచి కూర్చోబెట్టారు. ఫోటోలో అందరూ ఎంతో శ్రద్ధగా ఉన్నారు.

అక్కడే పర్వతాలు కనిపించాడు. విజేందర్ సారుకు బదులు ఆయనను పంపారు. ఆయనేమో తనకు బదులు ఎవరు దొరుకుతారా అని చూస్తున్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"అవ్వా, మంచిగొచ్చినవ్. సారు శుక్రారం వస్తడు. మా మరదలింట్ల ఒడిబియ్యం దావత్ ఉన్నది, నేను పోకుంటే నా పెండ్లాం ఇంట్లకు రానియ్యది. నువ్వు జర గీ కుర్చీల కూసో. నీ కాగితం సంగతి నేను జూస్త, ఏం ఫికర్ చెయ్యకు."

నా మెడలో బిళ్ల వేశాడు. దాని మీద మండలం పేరు, "మండల అధికారి" అని మాత్రమే ఉంది. అధికారులు బదిలీ అవుతుంటారు కనుక పేరు రాస్తే అట్ట వృథా అవుతుందట. హాజరు కాగితంలోనూ అంతే, హోదా అచ్చయి ఉంది, పేరు, సంతకం మనమే పెట్టుకోవాలి. "సారు గడిల సంతకం పెట్టు" అని చెప్పి పర్వతాలు ఒడిబియ్యానికి పోయాడు. నాకు వచ్చిన సంతకం ఒక్కటే. బిక్షమ్మ అని రాశాను. మూడు రోజులూ, రెండు పూటలా అదే రాశాను. ఆరుసార్లు. ఆ కాగితాన్ని ముగ్గురు తనిఖీ చేసి, అంతా సక్రమంగా ఉన్నదని కింద ధ్రువీకరించారు.

నా నేత చీర, చేతి మీది పచ్చబొట్లు చూసి ప్రణీత మేడం ముచ్చటపడింది. పెద్ద హోదాలో ఉన్నవాళ్లు ఇంత నిరాడంబరంగా ఉండాలని అందరికీ నన్ను చూపించింది. నా కింద పనిచేసేవాళ్లు తప్పు చేస్తే నేనేం చేస్తానని అడిగింది.

"నా కింద మనుషులు లేరు బిడ్డా, రెండు మేకలున్నయ్" అన్నాను. "అవి ఒకళ్ల చేన్ల పడితే, ముందుగాల నేనే పోయి నా మేకలే మేసినయని చేనాయనకు చెప్త. తర్వాతనే మేకలను కట్టేస్త. మేకకేం ఎరుక, కట్టు వదిలింది నేనే గద."

హాలంతా చప్పట్లు కొట్టారు. మేడం బోర్డు మీద "జవాబుదారీతనం" అని పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు మేకల బొమ్మ వేసింది. నా మాటను పుస్తకంలో అచ్చు వేయిస్తానని రాసుకుంది.

మధ్యాహ్నం బగారన్నం, కోడికూర పెట్టారు. పదకొండు మంది కాస్తా తొంభై మంది అయ్యారు. విలువల మీద ఇంత ఆసక్తి ఉన్నదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

రెండో రోజు నాటకం వేయించారు. నేను అధికారిని, పక్క మండలం అధికారి ఒకాయన అర్జీ తెచ్చుకున్న రైతు. ఆయన నా ముందు నిలబడాలి, నేను ఫోను చూసుకుంటూ ఆయనను పట్టించుకోకూడదు. ఆ తర్వాత తప్పు ఎక్కడుందో అందరూ చెప్పాలి. రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఆయనకు కోపం వచ్చింది. ఇంతసేపు నిలబెడతారా, నేనెవరో తెలుసా అని అర్జీ విసిరికొట్టి పోయి కూర్చున్నాడు. నేను రెండు నిమిషాలకే అలసిపోయే రైతును అంతవరకు చూడలేదు. ఆయనకు నేనిచ్చిన జవాబు "సోమవారం రా" అని. అది తప్పు, సరైన జవాబు చెప్పండి మేడం అని ప్రణీత నన్ను అడిగింది.

"ఇంకేం చెప్తరో నాకు తెల్వది బిడ్డా" అన్నాను. "ఎన్నడు ఇనలే."

అందరూ నవ్వారు. మేడం మాత్రం నవ్వలేదు. కాసేపు కాగితాలు సర్దుకుంది.

సాయంత్రం నోటి పరీక్ష. అబద్ధం రాసిన కాగితం మీద సంతకం పెట్టమని పై అధికారి ఒత్తిడి చేస్తే ఏం చేస్తారు? ఒకాయన ఫైలు చూస్తానన్నాడు. ఒకాయన సెలవు పెడతానన్నాడు. ఒకాయన లిఖితపూర్వకంగా అడిగితేనే పెడతానన్నాడు. నా వంతు వచ్చింది.

"పెట్ట" అన్నాను. "వేలిముద్ర గూడ ఎయ్య."

పదికి పది మార్కులు వేశారు. ఆ మార్కులు గుర్తుపెట్టుకోండి.

మూడో రోజు మధ్యాహ్నం ముగింపు సభకు విజేందర్ సారు వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో కళ్లద్దాలు. కుర్చీ ఖాళీ లేక వెనుక నిలబడ్డారు. అందరం కుడిచేయి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేశాం. "ప్రజల పనిని రేపటికి వాయిదా వేయను. ఉన్న చోటనే, ఉన్న క్షణముననే పరిష్కరించుదును." సారు గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. చాచిన చేయి ఇంకా దించకముందే కోమల కాగితం ఆ చేతిలో పెట్టాను.

సారు కాగితం మడిచి నాకే ఇచ్చారు. "ఇది శిక్షణ స్థలం అవ్వా. ఈడ ఆఫీసు పని చేసుడు నీతి గాదు. సోమవారం రా."

శనివారం సాయంత్రం ఐదింటికి సీటు పోతుందని చెప్పబోయాను. ఈలోగా వేదిక మీద పేర్లు పిలుస్తున్నారు. ధ్రువపత్రాలు హాజరు కాగితం చూసి అచ్చు వేశారట. ఉత్తమ శిక్షణార్థి, బిక్షమ్మ, మండల అధికారి అని పిలిచారు. పోయి శాలువా కప్పించుకున్నాను. విజేందర్ సారు తన పేరు కోసం చివరిదాకా ఎదురుచూశారు. చివర్న జాతీయగీతం పాడారు.

పత్రం తీసుకుని నేను బస్టాండుకు నడిచాను. తర్వాత హాల్లో ఏం జరిగిందో, ముగింపు సభకు తిరిగొచ్చిన పర్వతాలే చెప్పాడు. ఆ పత్రం లేకపోతే సారుకు ప్రమోషన్ జాబితాలో పేరు ఉండదు. జాబితా సోమవారం పొద్దున వస్తుంది. సారు మేడం దగ్గరికి పోయి మొరపెట్టుకున్నారు. ఒక మండలంలో అధికారి రాలేదని, ఉత్తమ శిక్షణార్థి మేకలు కాసే ముసలమ్మని పైకి రాస్తే మేడం నూటికి నూరు హాజరు లెక్క చెడిపోతుంది. పాపం, ఆమె నొచ్చుకుంటూనే ఒక దారి చూపింది. ఆ మూడు రోజులూ సారు హాజరైనారని, ఆయన గడిలో పొరపాటున వేరే మనిషి పేరు పడిందని ఆ మనిషే రాసిస్తే పత్రం మార్చవచ్చు. ఐదింటి రైలుకు తాను పోతుంది, అంతలోపు తేవాలి.

మా ఊరి మీదుగా పోయే దేవరకొండ బస్సు కదలబోతుంటే సారు పరుగెత్తుకొచ్చారు. వెనుక పర్వతాలు, సంకలో సంచి. సారు కిటికీ పట్టుకుని, ఇరవై రెండు రోజుల్లో మొదటిసారి, "బిక్షమ్మ గారూ" అన్నారు. సంగతి చెప్పి కాగితం లోపలికి ఇచ్చారు.

నేను నిదానంగా చదివాను. సారు మూడు రోజులూ నా పక్కనే కూర్చున్నట్టు, శ్రద్ధగా విన్నట్టు, మేకల మాట కూడా ఆయనే చెప్పినట్టు రాసి ఉంది.

"ఇది బస్సు సారూ" అన్నాను. "ఈడ ఆఫీసు పని చేసుడు నీతి గాదు. సోమవారం రాండ్రి."

బస్సంతా విన్నది. సారు కోమల కాగితం నా చేతిలో నుండి తీసుకుని, బస్సు రేకుకు ఆనించి సంతకం చేశారు. పర్వతాలు సంచిలో నుండి రబ్బరు ముద్ర తీశాడు. అది మూడు రోజులూ ఆ సంచిలోనే ఉందట, ఒడిబియ్యానికి కూడా పోయొచ్చిందట. సిరా ఏ రంగో ఎవరూ అడగలేదు. ఇరవై రెండు రోజుల పని కండక్టరు రెండో విజిల్ ఊదేలోపు అయిపోయింది.

ఇక నా వంతు. అబద్ధమని తెలుసు. పదికి పది వచ్చిన మనిషిని నేనే. పెన్ను తీసుకుని, గుండ్రంగా, అందంగా, బిక్షమ్మ అని రాశాను. శాలువా నేనే ఉంచుకున్నాను, పత్రం ఇచ్చేశాను.

కోమల శనివారం కాలేజీలో చేరింది. ఇప్పుడు తెల్లకోటు వేసుకుంటుంది. విజేందర్ సారుకు ప్రమోషన్ వచ్చింది, ఆయన వెనుక గోడకు ఉత్తమ శిక్షణార్థి పత్రం వేలాడుతోంది. పుస్తకం కూడా అచ్చయింది. అందులో సారు ఫోటో, కింద "నా కింద రెండు మేకలున్నాయి" అన్న వాక్యం ఉన్నాయి. ఆ రెండు మేకలు ఎవరన్న దాని మీద ఆఫీసులో ఇంకా గొడవ నడుస్తోంది. ఒకటి తానేనని పర్వతాలు అలిగి ఉన్నాడు.

వచ్చే నెల రెండో విడత శిక్షణ. మళ్లీ అరవై కుర్చీలు. కాగితం ఏ అధికారి దగ్గర ఆగితే ఆ అధికారి కుర్చీలో పోయి కూర్చోవాలన్న కిటుకు ఊరందరికీ తెలిసింది. అరవై కుర్చీలకూ మనుషులు కుదిరారు, జాబితా నా దగ్గరే ఉంది. నేను చేసింది తప్పంటారా? చదువుకున్నవాళ్లు, అనండి. నిన్న ముగ్గురు అలాగే అన్నారు. ఇద్దరు టీచర్లు, ఒక వకీలు. తప్పని గట్టిగా చెప్పి, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, తమ కాగితం ఎక్కడ ఆగిందో మెల్లగా చెప్పారు. మీరు కూడా అడగబోతున్నారని తెలుసు. ఇప్పుడు తీరిక లేదు.

సోమవారం రండి.