పదకొండు శాతం ఆనందం

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, అక్కుపల్లికి చెందిన ఇందు (9) సంతోషంగా లేదని టెక్కలిలోని పిల్లల ఆనంద నిర్ధారణ విభాగం అధికారికంగా ప్రకటించింది. ఆ సమయానికి ఇందు విభాగంవారి టేబుల్ ఫ్యాన్ ముందు నిలబడి, రెక్కల చప్పుడుకు సరిపోయేలా గొంతులో సన్నగా రాగం తీస్తూ, రెండు చేతులూ టపటపా ఆడిస్తోంది. అలా ఆడించిందంటే ఎంత సంతోషంగా ఉన్నట్టో తండ్రి రామూర్తికి తెలుసు. విభాగానికి తెలియాల్సిన అవసరం లేదు (నిబంధన 4).

రామూర్తి సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. కూతురికి ఆటిజం అని డాక్టర్లు చెప్పి అయిదేళ్ళయింది. పాపకు ఇంకా మాటలు రాలేదు. ప్రతి గురువారం పలాసలోని శిక్షణ కేంద్రంలో కమల టీచరు దగ్గర గంటసేపు కూర్చుంటుంది. ఏడాది తిరిగేసరికి, దాహమేస్తే నీళ్ళ బొమ్మ చూపించడం నేర్చుకుంది. అంతకుముందు దాహమేస్తే గోడకేసి తల కొట్టుకునేది. అందుకని ఆ ఇంట్లో గురువారానికి ఉన్న విలువ మరే వారానికీ లేదు.

గత నెల కొత్త నిబంధన వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలకు ఆనందం ముఖ్యమని పైవాళ్ళు గుర్తించారు. గుర్తించాక కొలవాలి కాబట్టి యాప్ వచ్చింది. ప్రతి బిడ్డా ఒక 'ఆమోదిత ఆనంద కార్యకలాపం' చేస్తూ వారానికొకటి చొప్పున నాలుగు ఫొటోలు పెట్టాలి. ఆనందం అరవై శాతం దాటకపోతే, శిక్షణ కేంద్రంలో ఆ సీటు సంతోషంగా ఉన్న మరొకరికి పోతుంది.

ఆమోదిత కార్యకలాపాలు పద్నాలుగు. మొదటిది గుర్రపు స్వారీ. (గుర్రాలు లేని మండలాలవారు, గుర్రాలు లేవని ధ్రువపత్రం జతచేయాలి.) రెండోది మంచు మీద స్కేటింగ్. ఏడోది ఈత.

"ఈతంటే పాపకి మాలావు ఇట్టం బాబూ," అన్నాడు రామూర్తి విభాగానికి మొదటిసారి వెళ్ళినప్పుడు. "మా ఇంటికాడే సముద్రం."

ఆనంద నిర్ధారణ అధికారి శ్యాంసుందర్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, ఫారం తీశాడు.

"కొలను పొడవెంతండి?"

"సముద్రం బాబూ."

"అంకె వేయకపోతే యాప్ ముందుకు పోదు. పోనీ, వెడల్పు చెప్పండి."

రామూర్తి ఆలోచించాడు. "ఈ ఒడ్డున అక్కుపల్లి. ఆ ఒడ్డు నాను సూడలేదు."

'అవతలి ఒడ్డు వివరాలు సమర్పించలేదు' అని రాసి శ్యాంసుందర్ ఈతను కొట్టేశాడు. తర్వాత పెన్ను పక్కన పెట్టాడు. "అసలు పాపకు ఏదంటే ఇష్టం?" (ఈ ప్రశ్న ఫారంలో లేదు. ఆయన సొంతంగా అడిగాడు.)

"బెండ్లు బాబూ."

వల మునిగిపోకుండా పైతాడుకు గుచ్చే తేలిక ముక్కలు బెండ్లు. పడవ ఒడ్డుకొచ్చాక వలను ఇసకలో పరిచి, తాడు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్కో బెండూ తడిమి చూడటం అక్కుపల్లిలో ఆనవాయితీ. రామూర్తి వాళ్ళ వలకు ఆ పని చాలా ఏళ్ళు అతనికి మావ వరసయ్యే ముసలి గున్నయ్య చేశాడు. రెండేళ్ళుగా ఇందు చేస్తోంది. బెండును సగం తిప్పుతుంది, చెంపకు ఆనించుకుంటుంది, తర్వాతదానికి వెళ్తుంది. ఊడిపోయిన చోట ఆగుతుంది. కొత్తది గుచ్చేదాకా తాను కదలదు, వలను కదలనివ్వదు.

శ్యాంసుందర్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. బెండు ఎక్కడా లేదు. వల ఉంది, బాల కార్మికుల అధ్యాయంలో.

"పని అని రాస్తే మీ మీద కేసవుతుంది. ఆట అని రాస్తే ఆటవస్తువుకు భద్రతా ముద్ర కావాలి." ఆయన కాసేపు పైకప్పు చూశాడు. "బెండుకు మధ్యలో రంధ్రం ఉంటుందా?"

"ఉంటాది. తాడు దూరాలి గదా."

అలా అక్కుపల్లి వల పదకొండో కార్యకలాపం కింద నమోదైంది: పూసలు గుచ్చుట (పెద్దవి).

మిగిలింది ఫొటోలు. యాప్ లెక్కలో ఆనందమంటే కనీసం ఆరు పళ్ళు కనబడాలి. ఇందు సంతోషం పళ్ళదాకా రాదు, చేతుల్లోనే ఉండిపోతుంది. మొదటి ఫొటోకు పదకొండు శాతం వచ్చింది. రెండోదానికి తొమ్మిది. రామూర్తి కూతురి ముందు కోతిలా గెంతాడు. ఇందు తాడు వదలకుండా అతన్ని పక్కకు నెట్టింది.

"మన పెళ్ళి పొటోలో నువ్వు నవ్వేవేటి?" అంది అతని భార్య నూకరత్నం. "నీకు ఆ పదకొండూ రాదు."

మంగళవారం శ్యాంసుందర్ కంప్యూటర్‌లో ఉన్నది ఈ లెక్కే: పదకొండు, తొమ్మిది, పదకొండు, పదకొండు. ప్రకటన వెలువడింది. అయితే నాలుగో ఫొటో మీద తెర ఆకుపచ్చగా వెలిగింది. అందులో ఇందు వెనక ఇసకలో గున్నయ్య (71) కూర్చుని ఉన్నాడు. ఆ క్షణాన ఓ కుక్క ఎవరిదో చేపను ఎత్తుకుపోతోంది. పోయినేడు పలాసలో కట్టించుకున్న పళ్ళ సెట్టు మొత్తం కనబడేలా గున్నయ్య నవ్వుతున్నాడు. తొంభై నాలుగు శాతం. యాప్ ఆ ముఖాన్ని పింఛను రికార్డులతో పోల్చి, పేరు కనుక్కుని, సీటు బదలాయించింది.

"ఆపలేరా బాబూ?"

"ఆపాలంటే ఆయన సంతోషంగా లేడని రుజువు చేయాలండి. దానికి ఇంకో నాలుగు వారాలు."

రామూర్తి అక్కడినుంచే ఫోన్ చేశాడు. "మావా, నీకు సీటొచ్చింది."

"ఏ సీటురా? ఎలచ్చన్లా?"

"ఇందు సీటు. పిల్లల బడిలో."

"నానేటి సేసేన్రా?"

"నవ్వేవు."

శ్యాంసుందర్ ఈలోగా పుస్తకంలో ఇంకో పేజీకి వెళ్ళాడు. లబ్ధిదారు వెంట ఒక సహాయకుణ్ణి అనుమతిస్తారు. సహాయకుడి వయసు గురించి ఏమీ రాయలేదు. ఆయన ఆ పేజీని రామూర్తి వైపు తిప్పి, టీ తాగడానికి బయటికి వెళ్ళాడు.

గురువారం పదిన్నరకు గున్నయ్య పలాస కేంద్రంలో వేలిముద్ర వేసి, పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. సహాయకురాలి గడిలో ఇందు పేరు రాశారు. ఇద్దరు సహాయకులకు అనుమతి లేదు గనక రామూర్తి తలుపు బయట నిలబడ్డాడు.

"నాను ఏటి సెయ్యాలి తల్లీ?" అన్నాడు గున్నయ్య.

"నవ్వుతూ ఉండండి తాతా," అంది కమల టీచరు. "మిగతాది మేం చూసుకుంటాం."

గున్నయ్య కిటికీకేసి నవ్వుతూ కూర్చున్నాడు. ఇందు వెంట తెచ్చుకున్న పాత బెండును సగం తిప్పి, చెంపకు ఆనించి, బల్ల మీద పెట్టింది. టీచరు దాన్ని తీసి ఒళ్ళో దాచింది. ఇందు ఖాళీ బల్లను చూసింది. తర్వాత టీచరును చూసింది.

"బెండు," అంది.

తలుపు బయట రామూర్తికి వినబడింది. టీచరు ఆ మాటను, సమయాన్ని యాప్‌లో నమోదు చేసింది.

కేంద్రం రికార్డు ప్రకారం, గురువారం ఉదయం పదకొండు గంటల ఇరవై అయిదు నిమిషాలకు గున్నయ్య (71) తన జీవితంలో మొదటి మాట పలికాడు.