హైమావతి విభజన

మొగుళ్ల మీద ఫిర్యాదులు ఎవరికి లేవు గానీ, భీమశంకరం మీద హైమావతి ఫిర్యాదు ఒక్కటే: తనను రెండుగా విడగొట్టేముందు మాటవరసకైనా అడగలేదు.

విడగొట్టడం పెద్ద విశేషమేమీ కాదు. కాకినాడలో వాళ్ల వార్డులోనే నూట నలభై మంది అలా ఉన్నారు. భీమశంకరం కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆదివారాలు భోజనాల బల్ల మీద గడుల పటం పరిచి, అట్టముక్కల సైనికులతో యుద్ధం ఆడతాడు. ఆ ఆటలో ఒక దళాన్ని రెండు సగాలు చేసి రెండు గడులకు పంపవచ్చు. భీమశంకరం వాళ్లమ్మ బాత్రూంలో జారిపడి, తుంటి విరిగి ఆసుపత్రిలో చేరిన రోజే కూతురు సాహితికి ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి. ఆయన ఆట రూల్సు పుస్తకం తెరిచాడు. భార్యకు నడిమధ్యన పెన్సిల్‌తో ఒక గీత గీశాడు.

"ఒక సగం ఆసుపత్రికి, ఒక సగం ఇంటికి. చూశావా, ఎంత సులువో!"

"మరి మీరో?"

"నేను కమాండర్ని కదే. కమాండర్ని విడగొట్టకూడదు. రూలు."

పంపకంలో ఓర్పు ఆసుపత్రికి వెళ్లింది, కోపం ఇంట్లో మిగిలింది. కళ్లజోడు ఒక్కటే కాబట్టి ఆసుపత్రికే ఇచ్చారు. ఇంటి సగం బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరుకుంటూ, వీలు చూసుకుని వార్డు ఆఫీసుకు వెళ్లి పేరు నమోదు చేయించుకుంది.

"ముప్పై రోజుల్లో కలిసిపోవాలమ్మా," అన్నాడు గుమాస్తా. "దాటితే ఇద్దరు మనుషుల కింద రాసేస్తాం. మళ్లీ కలపడం ఉండదండి."

"ఎలా కలవాలండీ?"

"ఇద్దరూ ఒకే గదిలో రెండు నిమిషాలుండాలి. ఆ రెండు నిమిషాలూ మిమ్మల్నెవరూ పిలవకూడదు. అంతేనండి."

"మగవాళ్ల ఫారం కూడా ఇదేనా?"

"మగవాళ్లకి ఫారం అచ్చేయలేదండి. అవసరం పడలేదు."

రెండు నిమిషాలేగా అనుకుంది హైమావతి. రోజూ పదకొండింటికి ఆసుపత్రి సగం చారన్నం కోసం ఇంటికొచ్చేది. ఇద్దరూ గ్యాసుపొయ్యి పక్కన చేతులు పట్టుకుని నిలబడేవారు. మొదటిరోజు, "హైమా, నా తువ్వాలేదీ?" రెండోరోజు, "అమ్మా, నా హాల్‌టికెట్ చూశావా?" మూడోరోజు ఆసుపత్రి నుంచి ఫోను: "అమ్మా, మీ అత్తగారు ఒకటే పిలుస్తున్నారండి." కుక్కరు కూతలు లెక్కలోకి రావు. మనుషుల కేకలే వస్తాయి.

ఇరవయ్యో రోజు ఆసుపత్రి సగం ఉన్నట్టుండి అడిగింది: "మన అమ్మ పేరేంటే? నోటిదాకా వచ్చి ఆగిపోతోంది."

"సీతారత్నం," అంది ఇంటి సగం. చెప్పి, క్యాలెండర్‌లో మిగిలిన రోజులు లెక్కపెట్టింది.

ఇరవైతొమ్మిదో రోజు ఇంటి సగం, సాహితి దగ్గరున్న భూతద్దం పట్టుకుని ఆ రూల్సు పుస్తకం మొత్తం చదివింది. ఒక పేజీ తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"చదవండి. సగం దళానికి సగం బలం కూడా ఉండదట. తొందరగా చెదిరిపోతుందట. శత్రువెక్కడున్నాడో తెలియనప్పుడు, పోయినా ఫరవాలేదనుకున్న సగాన్ని ముందుకు తోలడానికే విడగొట్టాలట. ఇందులో పోయినా ఫరవాలేదనుకున్నది ఎవరండీ? నేనా, అదా?"

భీమశంకరం ఆ పేజీ మూల మడిచి పుస్తకం మూశాడు.

ముప్పయ్యో రోజు సాహితి పరీక్షకు వెళ్లింది. ఫోన్లన్నీ కట్టేశారు. నోరు విప్పొద్దని చెప్పి ఆయన్ను హాల్లో కూర్చోబెట్టారు. వంటింట్లో ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. నిమిషం గడిచింది. వేళ్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోసాగాయి. కళ్లజోడు ఇద్దరికీ అందింది. సీతారత్నం అన్న పేరు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇంకో పది సెకన్లు.

వంటింటి గుమ్మంలో భీమశంకరం నిలబడి ఉన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. ఇరవైరెండేళ్ల కాపురంలో ఎన్నడూ అనని మాట ఆయన గొంతులో నిలవలేకపోయింది.

"హైమా, తప్పు నాదే. నిన్ను విడగొట్టాల్సింది కాదు."

పిలుపు పిలుపే. చేతులు విడిపోయాయి.

"సరే లెండి," అన్నారిద్దరూ. ఒకరు పాలు పొయ్యిమీద పెట్టారు. ఒకరు చారన్నం క్యారేజీ అందుకున్నారు. గడప దగ్గర ఆసుపత్రి సగం ఆగింది.

"ఇప్పుడే గుర్తొచ్చిందే. ఏం పేరది?"

ఇంటి సగం చెప్పబోయింది.

"హైమా, కాస్త కాఫీ," అని హాల్లోంచి వినబడింది.

"వస్తున్నా," అన్నారిద్దరూ.