అధ్యక్షులవారి కుర్చీ మీద కవర్డ్ కాల్

అది న్యూజెర్సీలో రారిటన్ నది పొంగి, పిస్కాటవే జనం బేస్‌మెంట్లలో తడుస్తున్న బియ్యం బస్తాలు మేడ మీదికి మోసుకున్న ఏడాది. ఆ నీళ్ళు పూర్తిగా తోడకముందే మధ్య జెర్సీ తెలుగు సంఘం అధ్యక్షులు మల్లికార్జునరావు గారు చారిత్రక ప్రకటన చేశారు.

"ఇకమీదట మన సంఘం చందాలడగదు. డివిడెండ్లు తింటుంది!"

చప్పట్లు. భవన నిధి మొత్తం హై డివిడెండ్ ఈటీఎఫ్‌లోనూ, కవర్డ్ కాల్ ఈటీఎఫ్‌లోనూ (రెండూ షేర్ మార్కెట్ ఫండ్లే) పెట్టేశారట. అసలు సొమ్ము కదలదు. నెలనెలా వచ్చే రాబడితో మొదటి శనివారం అందరికీ భోజనం.

వెనక వరసలో కోటయ్య ఇదేమీ వినడం లేదు. అధ్యక్షులవారు కూర్చున్న టేకు కుర్చీని చూస్తున్నాడు. అది అతనిది. కూతురు జాహ్నవి ఇంటి సోఫాలో కూర్చుంటే కూరుకుపోతాడు; ఆమె రెండు చేతులూ పట్టి లాగితే గానీ లేవలేడు. అందుకని అల్లుడు వేణుమాధవ్ ఆ కుర్చీ కొనిపెట్టాడు. ఉగాది సభకు ఒక్క పూట కావాలని సంఘం వాళ్ళు పట్టుకెళ్ళారు. ఆ పూట ఇంకా అవలేదు.

"కవర్డ్ కాలంటే ఫోనా అండీ?" అని అడిగారు రిటైరైన టీచరు అనంతలక్ష్మి గారు.

"కాదమ్మా. ఈ కుర్చీ నాదనుకోండి."

"నాది," అన్నాడు కోటయ్య.

"అనుకోమన్నాను బాబాయ్ గారూ! మన సెక్రటరీ రాధాకృష్ణ దీన్ని డిసెంబర్‌లోగా ఎప్పుడైనా వందకి కొనుక్కోవచ్చు. ఆ హక్కునే ఆప్షన్ అంటారు; దానికోసం ఇవాళే నాకు ఐదు డాలర్ల ప్రీమియం ఇస్తాడు. కొన్నాడా, నూటఐదు నావి. కొనలేదా, కుర్చీ నాదే, ఐదూ నావే. కూర్చున్న చోట ఇన్‌కమ్!"

"దాని రేటు వెయ్యికి పోతే?" అన్నారావిడ.

"వందకే ఇచ్చేస్తాం. మాటంటే మాటే."

"విరిగితే?" అన్నాడు కోటయ్య.

"ఐదు డాలర్లున్నాయిగా!"

హాలు దద్దరిల్లింది. రాధాకృష్ణ ఉదాహరణ కోసం ఐదు డాలర్ల నోటు తీసిచ్చాడు. అధ్యక్షులవారు దాన్ని ఉదాహరణ కోసమే జేబులో పెట్టుకున్నారు.

అక్టోబర్ భోజనంలో పులిహోర, గారెలు, రెండు కూరలు. అధ్యక్షులవారి దూరదృష్టి ఇంకా పెరిగింది. కుర్చీ అంటే పదవి కూడానని గుర్తించి, వచ్చే ఏడు అధ్యక్షుడయ్యే హక్కును ట్రెజరర్ రామమోహన్‌కి యాభై డాలర్ల ప్రీమియానికి, ఉపాధ్యక్షుడు అమర్‌నాథ్‌కి వందకి అమ్మారు. రాధాకృష్ణ ఐదు డాలర్లు ఎటూ ఉన్నాయి. ఒకే కుర్చీ ముగ్గురికెలా అన్నవాళ్ళకి "డైవర్సిఫికేషన్" అని ఓపిగ్గా బోధించారు.

నవంబర్ భోజనంలో పప్పు కనపడలేదు.

"పప్పేది బాబూ?" అన్నాడు కోటయ్య.

"రీ-ఇన్వెస్ట్ చేశాం బాబాయ్ గారూ."

"నా కుర్చీ?"

"దాని మీద ఆప్షన్లు నడుస్తున్నాయండీ. ఇప్పుడు కదిపితే మార్కెట్ కదిలిపోతుంది."

కోటయ్య ఇంటికెళ్ళి సోఫాలో కూరుకుపోయాడు.

డిసెంబర్‌లో సర్వసభ్య సమావేశం. ఫండ్ వాళ్ళు పంపిన ఉత్తరాన్ని అనంతలక్ష్మి గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఇంతవరకు మనకొచ్చిన రాబడిలో సగానికి పైగా రిటర్న్ ఆఫ్ క్యాపిటల్ అని రాశారండీ."

"అంటే?" అన్నాడు కోటయ్య.

"మన డబ్బే మనకి తిరిగిచ్చారు అన్నయ్య గారూ. ఆ మేరకు అసలు తరిగింది."

అధ్యక్షులవారు రెప్ప కూడా వేయలేదు. "చూశారా నిజాయితీ! ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ?"

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లేచినవాళ్ళలో ముగ్గురు తిన్నగా వేదిక ఎక్కి, రసీదులు చూపిస్తూ కుర్చీ పట్టుకున్నారు.

"కుర్చీ నాది!" అన్నాడు రాధాకృష్ణ.

"నాది!" అన్నాడు రామమోహన్.

"ఎక్కువ కట్టింది నేను. నాది!" అన్నాడు అమర్‌నాథ్.

"నాది," అన్నాడు కోటయ్య.

హాలంతా గొల్లున నవ్వింది.

"బాబాయ్ గారు కూడా పోటీలో ఉన్నారా!" అని మురిసిపోయారు అధ్యక్షులవారు. "మరి ప్రీమియం కట్టారా?"

మర్నాడు పొద్దున్నే కోటయ్య అల్లుణ్ణి వెంటబెట్టుకుని, ఓక్ ట్రీ రోడ్‌లో చీరల షాపు పైనున్న సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. అధ్యక్షులవారు సభ నుంచి తెచ్చుకున్న ఆ కుర్చీలోనే కూర్చుని తదుపరి ప్రకటన రాస్తున్నారు.

"లెగు బాబూ."

"ఎందుకు బాబాయ్ గారూ?"

"రిటర్న్ ఆఫ్ క్యాపిటల్."

మామగారి నోట అంత పొడుగు ఇంగ్లీషు వేణుమాధవ్ ఎన్నడూ వినలేదు. అధ్యక్షులవారు లేచారు. మిగతా ప్రకటన నిలబడే రాసుకున్నారు.

కోటయ్య కుర్చీని ఇంటికి తెచ్చి, కిటికీ పక్కన వేసుకుని, కాఫీ తాగాడు. గ్లాసు తీసుకోడానికొచ్చిన జాహ్నవి అలవాటుగా రెండు చేతులూ చాపింది. అతను వద్దని తలూపి, తనే లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.