మా బావి మీద ఇద్దరు సార్ల ఒప్పందం

ఊరు బాగుపడాలంటే ఒక శాస్త్రవేత్త చాలడు. ఇద్దరు కావాలె. ఒకరి మాట ఒకరికి అస్సలు గిట్టకూడదు. అట్లాంటి ఇద్దరిని ఒకే జీపులో కూర్చోబెట్టి, కలిసి పనిచేసుకోండని పంపితే, ఒక ఊరికి అంతకన్న అదృష్టం లేదని బల్లగుద్ది చెప్తున్న. నవ్వకండి. నేను ఆ అదృష్టాన్ని ఏడాది పాటు అనుభవించిన.

మాది కొత్తకోటకు ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న ఊరు. ఉన్నవి రెండు దిగుడు బావులు, ఒకటి పాతది, ఒకటి కొత్తది. మెట్లు దిగి, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి కడవ ముంచుకుంటం. నారికురుపు ఉన్నోళ్లు కూడా అవే మెట్లు దిగుతరు. వాళ్ల పుండులోంచి పురుగు పిల్లలు నీళ్లలో కలుస్తయట. ఆ నీళ్లు తాగినోళ్లకు ఏడాది తిరిగేసరికి కాలు పొక్కి, తెల్లదారం లాంటి పురుగు బయటికొస్తది. దాన్ని పుల్లకు చుట్టుకుంట రోజుకింత లాగాలె. మధ్యలో తెగిందంటే కాలు గుంజ లెక్క వాస్తది.

మొన్నటేడు నా బిడ్డ పుష్పమ్మకు వచ్చింది. ఎనిమిదేండ్ల పిల్ల రెండు నెలలు మంచం దిగలేదు. అప్పటినుంచి పొద్దున లేవంగనే దాని కాళ్లు చూసినంకనే పొయ్యి అంటిస్తున్న. దోమ కుట్టినా నాకు పురుగే, ముల్లు గుచ్చినా పురుగే.

అందుకే సర్పంచ్ లింగస్వామి ఇంటిచుట్టూ తిరిగిన. "మెట్లు మూసి, గోడ కట్టి, గిరక పెట్టియ్యి తమ్మీ. ఎవరి కాళ్లూ నీళ్లల్ల పడవు" అన్న. ఆయన కూడా మంచోడే, ఏడాదికి కదిలిండు. రెండు బావుల దగ్గర రాళ్లు దింపించిండు.

సరిగ్గా ఆ వారమే మా అదృష్టం జీపులో వచ్చింది.

అమరేందర్ సారు చేపల పక్షం. బావిలో చేపపిల్లలను వదిలితే అవే పురుగులను తింటయంటడు. గోపయ్య సారు సున్నం పక్షం. చేపలతో కాదు, సున్నం చల్లితేనే నీళ్లు బాగుపడతయంటడు. ఆరేండ్ల నుంచి ఇద్దరు పత్రికల్లో కొట్లాడుకుంటున్నరట. ఆయన రాసింది తప్పని ఈయన, తప్పనడమే తప్పని ఆయన. చివరికి పై ఆఫీసర్లు విసిగి, ఒక్క దగ్గర కూర్చొని తేల్చుకోమన్నరు.

ఇద్దరు కలిసి పదకొండు షరతుల ఒప్పందం రాసుకున్నరు. పాత బావిలో చేపలు, కొత్త బావిలో సున్నం. వచ్చే ఎండాకాలం ఊరందరి కాళ్లు చూడాలె. ఓడినాయన తన చేత్తోనే 'నాది తప్పు' అని రాసియ్యాలె. ఎంత పెద్ద మనసు చూడండి! మా ఇంటాయన మైసయ్య, పప్పుల ఉప్పు తనే రెండోసారి వేసిన సంగతి పదిహేనేండ్లయినా ఒప్పుకోలేదు.

"మరి ఈ రాళ్లు?" అని లింగస్వామి అడిగిండు.

"గోడ ఇప్పుడే వద్దు. మెట్లు మూస్తే కురుపులు అసలే రావు గదా. అప్పుడు చేపలు గెలిచినయా, సున్నం గెలిచిందా, ఎట్ల తెలుస్తది?" అన్నడు అమరేందర్ సారు. గోపయ్య సారు తల ఊపిండు.

అది నాలుగో షరతు. చదువుకున్నోళ్లకు తప్ప మనకు తోస్తదా? రోగమే పోతే రోగం మీద పరిశోధన ఎట్ల సాగుతది? ఐదో షరతు ఇంకా గొప్పది. ఎవరూ గుడ్డతో నీళ్లు వడగట్టవద్దు. వడగడితే పురుగు గుడ్డలోనే ఆగుతది, లెక్క చెడిపోతది.

ఇక మధ్యవర్తి కావాలె. ఎవరి పక్షమూ కానోళ్లు, ఇద్దరినీ సమానంగా నమ్మనోళ్లు ఉన్నరా అని అడిగితే, లింగస్వామి ఆలోచన కూడా చెయ్యలేదు. "కౌసల్యక్కను పిలువుండ్రి" అని నా పేరే చెప్పిండు.

"చేపల మీద నీ అభిప్రాయమేందమ్మా?" అని గోపయ్య సారు అడిగిండు.

"చస్తే నీళ్లు కుళ్లుతయి సారు."

"మరి సున్నం?" అన్నడు అమరేందర్ సారు.

"పేగులు కాలుతయి సారు."

ఇద్దరూ నవ్విండ్రు. నన్ను ఖాయం చేసిండ్రు. ఏ ఏటి ఒప్పందమైనా నా సంతకం లేనిదే చెల్లదని పదకొండో షరతు.

ఏడాదంతా ఊరికి ఎంత సందడి! నెలకోసారి జీపు. ఒక సారు చేపలు చూసుకుంటడు, ఇంకో సారు నీళ్లు సీసాలో పోసి ఎండకు పట్టి చూస్తడు. గోడ రాళ్లు కూడా ఊరికే పడిలేవు. హనుమమ్మ వాటి మీద వడియాలు పెట్టింది. లింగస్వామి మేక వాటి నీడలోనే ఈనింది. గోడ కట్టి ఉంటే ఇవన్నీ జరుగునా?

మృగశిర దగ్గరపడ్డది. లెక్క చూసే దినం వచ్చింది. ఊరందరి కాళ్లు చూసినం. నూటనలభై ఇండ్లలో ఒక్కటే కురుపు, గాలయ్యకు.

"ఏ బావి నీళ్లు తాగినవు?" అని ఇద్దరూ ఎగబడ్డరు.

"రెండూ తాగిన సారు. నిరుడు ఎండాకాలమంతా నా పెండ్లాం కాన్పుకు తల్లిగారింటికి పోయింది. ఏ బావి అడ్డమొస్తే ఆ బావిల ముంచుకొని తాగిన."

తప్పు సున్నం బావిదని చేపల సారు, చేపల బావిదని సున్నం సారు. గంట సేపు నడిచింది. మిగిలినోళ్లకు ఎందుకు రాలేదన్నది ఇద్దరికీ అంతుబట్టలేదు.

"వడగట్టలేదు గదమ్మా?" అని హనుమమ్మను అడిగిండ్రు.

"అయ్యో, సర్కారు మాట తప్పుతమా సారు?" అన్నది. ఆమె వెనక దండెం మీద పాత ధోతి గుడ్డ, మూడు మడతలది, నీళ్లు కారుతున్నది. ఆ వాడలో అట్లాంటి గుడ్డ లేని దండెం లేదు. మధ్యవర్తిని గదా, నేను మబ్బుల దిక్కు చూసిన. మా ఇంట్లో గుడ్డకు నాలుగు మడతలు. గాలయ్యకు మాత్రం వడగట్టే దిక్కు లేకపాయె.

ఇద్దరూ కూర్చొని కొత్త ఒప్పందం రాసిండ్రు. ఇంకో ఏడాది పరిశోధన. గోడకు ఇంకో ఏడాది సెలవు. పన్నెండో షరతుగా, వడగట్టకుండ చూసేందుకు వాడవాడకు ఒక జవాను.

జవాను అనంగనే నాకు పుష్పమ్మ మడిమె కండ్లల్ల మెదిలింది. పుల్లకు చుట్టిన ఆ తెల్ల దారం మెదిలింది.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నడు గోపయ్య సారు.

"పెడ్త సారు. ఇంకొక్క షరతు రాయుండ్రి."

"చెప్పమ్మా."

"ఏడాది నుంచి నెలనెలా వస్తున్నరు. ఇద్దరి భుజాలకు రెండు ఫ్లాస్కులు. రెండింట్లో కాగబెట్టిన నీళ్లే. చేపల బావిల చేపల సారు గుక్కెడు తాగంగ నేను చూడలే. సున్నం బావిల సున్నం సారు తాగంగ అసలే చూడలే. ఈ ఏడు ఆ ఫ్లాస్కులు కొత్తకోటల వదిలి రండ్రి. ఎవరి బావి నీళ్లు వాళ్లు తాగుండ్రి. వడగట్టకుండ."

సార్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు.

"ముందుగాల గోడ కట్టించుకోండమ్మా" అన్నరు, ఇద్దరూ ఒక్క గొంతుతోనే.

శత్రుపక్షాల శాస్త్రవేత్తలు కలిసి పనిచేస్తే ఏదీ తేలదని ఎవరన్న అంటే నమ్మకండి. ఆరేండ్ల తగాదా మా ఊర్లో రెప్పపాటులో తేలింది. షరతు లేదు, కాగితం లేదు, మధ్యవర్తి సంతకం కూడా లేదు.

గోడ ఇప్పుడు నడుమెత్తుకు లేచింది. గిరక మహబూబ్‌నగర్ నుంచి రావాలె. ఇంక నాకు ఫికర్ లేదనుకుంటున్నరా? పుష్పమ్మ పొద్దున ఆ గోడ మీద కూర్చొని, కాళ్లు బావి లోపలికి వేలాడేసి ఊపుతున్నది.