వీధిలో తిరగేసిన మంచం

ఆవేళ పొద్దున్నే సోములు రెండు పనులు పెట్టుకున్నాడు. తల్లి మంచానికి పట్టిన నల్లుల్ని మరిగే నీళ్ళు పోసి చంపడం ఒకటి. కోసి చేలో పరిచిన వరిపనల్ని మధ్యాహ్నం లోపల మోపులు కట్టించి కుప్ప వేయించడం రెండోది. ఈ రెండోది ఆగిందా, కొంప మునిగినట్టే. సముద్రం వైపు మబ్బు నల్లగా దిగి ఉంది. మార్గశిరంలో కోసిన పంట మీద వాన పడిందంటే గింజ మొలకెత్తుతుంది, ఏడాది తిండి చేలోనే కుళ్ళిపోతుంది. అందుకే కూలీల పెద్ద సూరయ్యకు రాత్రే చెప్పి, జట్టుతో పొద్దున్నే రమ్మన్నాడు.

నల్లుల పనికి ఆవేళే వీలు చిక్కింది. తల్లి దేముడమ్మ తన నులకమంచాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదు. వేన్నీళ్ళు పోస్తే నులక సాగిపోతుందని ఆవిడ బాధ. పైగా చలి మొదలైన దగ్గర్నుంచి దగ్గుతూ ఆ మంచం దిగనేలేదు. ఆ దగ్గు వీధి వీధంతా వినపడేది. ముందురాత్రి కోడలు అసిరమ్మ మిరియాల కషాయం పట్టిస్తే టక్కున ఆగింది. దేముడమ్మ హాయిగా నిద్రపోయింది. లేచి మబ్బు చూసి కంగారుపడి, మసకచీకట్లోనే గొంగళి కప్పుకుని పనల కాపలాకని చేలోకి వెళ్ళిపోయింది. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు మొగుడూ పెళ్ళాలు మంచం ఎత్తారు.

పెరడు ముందురోజే అలికారు, మబ్బుకి ఆరలేదు. అంచేత మంచాన్ని వీధిలోకి తెచ్చి కాళ్ళు పైకి తిరగేశారు. పక్కనే మూడు రాళ్ళు పెట్టి కాగు ఎక్కించారు. అప్పుడే తలంటు పోసుకున్న అసిరమ్మ జుట్టు విరబోసుకునే పొయ్యి ఊదుతోంది. పచ్చి చింతకట్టె పొగకి ఆవిడ కళ్ళు చింతనిప్పులై ధారగా కారుతున్నాయి. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఊళ్ళో మంచం వీధిలో తిరగేసి పక్కన కాగు పెట్టేది ఇంట్లో మనిషి పోయినప్పుడే. నల్లుల మీద కసిలో ఆ ముక్క ఇద్దరికీ తట్టలేదు.

సూరయ్య సందు మలుపులోనే ఆగిపోయాడు. మంచం చూశాడు. కాగు చూశాడు. అసిరమ్మ జుట్టూ కళ్ళూ చూశాడు. రాత్రి దగ్గు వినపడలేదన్న సంగతి గుర్తొచ్చింది. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. చావింటి ముందు నిలబడి ఏమైందని అడగడం ఆ వైపు మర్యాద కాదు. అడక్కుండా తెలుసుకోవాలి, చెప్పకుండా వెళ్ళిపోవాలి.

"వచ్చీసినావా మావా!" అంది అసిరమ్మ ముక్కు చీదుకుంటూ. "ఏగిరం కానిచ్చీండి. మబ్బు సూసినావా? వాన పడితే ఇంకేటుంటాది, కుళ్ళి కంపు కొడతాది."

సూరయ్య మళ్ళీ మంచం వైపు చూశాడు.

"మద్దేనానికల్లా కట్టీసి మోసీండి," అన్నాడు సోములు కట్టె ఎగదోస్తూ. "ఈ పని వదిలిపోతే నాను కంటినిండా పడుకుంటాను."

కన్నతల్లి గురించి ఇంత మాటా! సూరయ్య వెళ్ళొస్తానని కూడా అనకుండా వెనక్కి తిరిగాడు.

"ఒసే, సెప్పాపెట్టకుండా ఎలిపోతన్నాడేటే?" అన్నాడు సోములు.

"అలిగినాడేటో. నిన్న సుట్టడిగితే నేదన్నావు గదా."

కాసేపటికి పక్కింటి కూర్మయ్య రెండు పచ్చి వెదుళ్ళు నరికి తెచ్చి, తలొంచుకుని వాకిట్లో పెట్టాడు. కుప్ప అడుగున వెయ్యడానికి కాబోలు అనుకుని సోములు పొంగిపోయాడు.

"మంచి పని సేసినావు కూర్మయ్యా. ఇవేటి సాల్తాయి, ఇంకో నాలుగు నరుకు!"

కూర్మయ్య గుడ్లు తేలేశాడు. ముసలావిడ బరువెంతని ఇన్ని వెదుళ్ళు? అడగడం మర్యాద కాదు కనక మళ్ళీ కత్తి పట్టుకుని వెళ్ళాడు.

ఈలోగా సూరయ్య జట్టు వచ్చింది. ఒక్కడి చేతిలోనూ తాడు లేదు. ఆడవాళ్ళు వచ్చి గోడవారగా కూర్చుని కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇదేమిటని సోములు కేకెయ్యబోతుండగా తవిటమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆవిడ దేముడమ్మ సొంత చెల్లెలు, ఆ ఊరి చివరే ఉంటుంది. అక్కతో మాటలు మానేసి చాన్నాళ్ళయింది. వస్తూనే మంచం కోడు కావిలించుకుంది.

"ఓలప్పో! మాటయినా సెప్పకుండా ఎలిపోనావా అప్పా! ముదనష్టపు పనసకాయ కోసం నీతోటి పలుకు మానీసినానే!"

సోములు చేల వైపు చూశాడు. అమ్మ చేలో ఉంది. ఒంటరిగా, చలిలో. ఏదో అయింది! ఆ కబురు తెచ్చి తనకి చెప్పలేక వీళ్ళంతా ఇలా నిలబడ్డారు! దబ్బున కూలబడ్డాడు.

"మాయమ్మని నానే సంపీసుకున్నాన్రా నాయనో!" అని గుండెలు బాదుకున్నాడు.

వీధి వీధంతా నిర్ఘాంతపోయింది. అసిరమ్మ ఊదుగొట్టం విసిరేసి మొగుడి పక్కన పడింది.

"నీ తప్పేటున్నాది, తప్పంతా నాదే! రేతిరి నాను ఆ కసాయం పట్టకుంటే ఈయేళకి బతికుండును గదా!"

తవిటమ్మ ఏడుపు ఆపేసి రెండడుగులు వెనక్కి వేసింది. "కసాయంలో ఏటి కలిపినావే!" అని ఒకావిడ కెవ్వుమంది. మునసబుకి కబురు పెట్టమని ఎవరో అన్నారు. ఆ పాపిష్టి దంపతుల నోట తాను విన్న మాటలు సూరయ్య అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఒరే! సేలో ఒక్కడు నేడు, ఊరంతా ఇక్కడుందేటిరా!"

సందు చివర గొంగళి కప్పుకుని దేముడమ్మ. కూర్మయ్య భుజం మీది వెదుళ్ళు ఢామ్మని కిందపడ్డాయి. కొందరు గోడలెక్కారు. దేముడమ్మ మాత్రం మంచాన్నీ వెదుళ్ళనీ చెల్లెలి ముఖాన్నీ చూసి గొంతు తగ్గించింది.

"ఎవులు పోనార్రా?"

అందరూ ఆవిడనే చూశారు.

"కొడుకున్నాడు. కోడలున్నాది. మరి ఈ ఇంట్లో ఇంకెవులున్నారు?" అని లెక్క చూసుకుని, ఉలిక్కిపడి తన చెయ్యి తానే గిల్లుకుంది.

"ఓలమ్మా, బతికున్నావా!" అని సోములు కాళ్ళు చుట్టేసుకున్నాడు.

"బతక్కేటి! నా మంచమెవుడు తీసినాడు? అది తరవాత తేలస్తాను. ముందు సేలోకి నడండి, సినుకు నెత్తి మీదున్నాది!"

సూరయ్య నసిగాడు. "సావింటికొచ్చినోలం అప్పా. తానం సెయ్యకుండా గింజ ముట్టుకోకూడదు."

"కాగు నిండా నీళ్ళున్నాయి గదరా! నాకు పోద్దామనుకున్నవే, మీరు పోసుకోండి!"

పచ్చికట్టెలకి గోరువెచ్చనే అయిన ఆ నీళ్ళు అందరూ తలో చెంబెడు పోసుకుని చేలోకి పరిగెత్తారు. ఏడవడానికొచ్చిన ఆడవాళ్ళూ వెళ్ళారు, మోయడానికొచ్చిన మగవాళ్ళూ వెళ్ళారు, తవిటమ్మ కూడా మోపులు కట్టింది. ఒక్క సూరయ్య జట్టే అయితే సగమైనా అయ్యేది కాదు. ఊరంతా చెయ్యి వేసేసరికి, కుప్ప నెత్తిన గడ్డి కప్పాక గాని మొదటి చినుకు పడలేదు. సోములు మళ్ళీ ఏడ్చాడు, ఈసారి సంతోషంతో.

దేముడమ్మ కుప్ప పక్కన చెల్లెల్ని కూర్చోబెట్టుకుని, తన చావుకి ఎవరెవరొచ్చారో, ఎవరు ఎంతలా ఏడ్చారో గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకుంది.

మర్నాటి నుంచి ఆవిడ ఊళ్ళో రెండిళ్ళవాళ్ళతో మాట్లాడటం మానేసింది.