వియ్యంకుడు మెచ్చిన కన్వర్టర్

ఆ ఆదివారం ఉదయం శాదిబెక్ వేసుకున్న పథకం చాలా తేలికైనది. ఏడింటికి మెకానిక్ దగ్గర కారుకు కన్వర్టర్ బిగింపు, తొమ్మిదింటికి భార్యాకొడుకులతో బిష్కెక్ నుంచి ప్రయాణం, మధ్యాహ్నం భోజనాల వేళకు నారిన్‌లో పెళ్లికూతురి చెవులకు కమ్మలు. కమ్మలు పెడితే సంబంధం ఖాయమైనట్టే. కొడుకు ఎర్మెక్ ఆ పిల్ల మీద మూడేళ్లుగా ప్రాణాలు పెట్టుకుని ఉన్నాడు.

చిక్కల్లా పిల్ల తండ్రి ఒమురాలీతోనే. ఆయన ఉద్యోగం బళ్ల పొగ తనిఖీ చేయడం. పొగ కక్కే బండిలో వచ్చేవాడికి తన ఇంట్లో టీ కూడా పొయ్యనని ముందే కబురంపాడు. శాదిబెక్ కారేమో నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన ముసలిది. పొగను శుభ్రం చేసే ఆ కన్వర్టర్ డబ్బాను, లోపలి ఖరీదైన లోహానికి మంచి ధర వస్తుందని, ఏనాడో అమ్మేసుకుని, దాని చోట వట్టి గొట్టం అతికించాడు. ఊళ్లో సగంమంది చేసిన పనే కాబట్టి సిగ్గుపడింది లేదు.

బోల్టులు తుప్పుపట్టి ఊడి రాలేదు. కోసి, మళ్లీ అతికేసరికి పదిన్నరైంది. బజారులో దొరికిన కన్వర్టర్ పెద్ద బండిది కావడంతో జానెడు కిందికి వేలాడింది. అది నిప్పులా కాలుతుందనీ, ఎండుగడ్డి మీద బండి ఆపవద్దనీ మెకానిక్ రెండుసార్లు చెప్పాడు. ఆలస్యమైన కంగారులో శాదిబెక్ రెండుసార్లూ తలూపాడు, ఒక్కసారీ వినలేదు.

దొలోన్ కనుమ దిగుతుంటే గుడారం ముందు ఓ గొర్రెల కాపరి చెయ్యెత్తాడు. శుభకార్యానికి పోతూ, పిలిచి ఇచ్చే గుర్రప్పాలు కాదనడం ఎక్కడైనా ఉందా? శాదిబెక్ మర్యాదగా రోడ్డు దిగి, గడ్డి మీద బండి ఆపాడు. రెండో గిన్నె అందుకునేలోగా కారు కింద గడ్డి అంటుకుంది. కాపరి చేతికందిన తోలుసంచి ఎత్తి మొత్తం కుమ్మరించాడు. ఎనిమిది గుర్రాల పులిసిన పాలతో మంట ఆరింది. కారు మాత్రం నారిన్ దాకా పుల్లటి వాసన కొడుతూనే ఉంది.

"పొగ రాకుండా చేస్తానని బయల్దేరి కొండనే తగలబెట్టబోయారు," అంది భార్య కలీచా.

నాలుగింటికి చేరేసరికి ఒమురాలీ గుమ్మంలోనే తనిఖీ యంత్రంతో నిలబడి ఉన్నాడు. దాని గొట్టం కారు వెనక పెట్టి, అంకె చూసి, నమ్మలేక మళ్లీ చూశాడు. ఇంత శుభ్రమైన పొగ తన ఉద్యోగంలోనే ఎరగనన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. శాదిబెక్ నోరు ఊరుకోలేదు.

"అసలు అందం కిందుంది బావగారూ. ఒక్కసారి వంగి చూడండి."

ఒమురాలీ కొత్త కోటుతోనే కారు కింద దూరాడు. ఎంతకీ బయటికి రాలేదు.

"ఎంత బాగుంది బావగారూ," అంది కింద నుంచి ఆయన గొంతు. "నాది ఎప్పుడో అమ్మేశాను. ఊరందరి పొగా పట్టుకుంటాను గానీ, నా బండిని పెరట్లో దాచుకుంటాను."

కలీచా మొగుడి మోచేయి గిల్లింది. వియ్యంకుడు నోరారా మెచ్చిన వస్తువును ఇవ్వనివాడికి పిల్లనెవరిస్తారు? "ఇచ్చెయ్యండి. కమ్మలింకా నా సంచీలోనే ఉన్నాయి," అని గొణిగింది.

శాదిబెక్ కొడుకు వైపు చూశాడు. వాడు కిటికీలోని పిల్లను చూస్తూ, పిచ్చివాడిలా నవ్వుకుంటున్నాడు. తండ్రి మనసు కరిగిపోయింది.

"మీదే అనుకోండి బావగారూ."

మాంసం ఉడికేలోపే ఒమురాలీ తమ్ముడు కన్వర్టర్ కోసుకుపోయాడు. ఆదివారం కావడంతో దాని చోట అతకడానికి ఊళ్లో మూరెడు గొట్టం దొరకలేదు; ఇంజను తిప్పితే వీధి వీధంతా ఉలిక్కిపడే మోత. కమ్మలు పెట్టారు, అందరూ ఏడ్చారు, నవ్వారు, శాదిబెక్ భుజాన కొత్త అంగీ కప్పారు.

తెల్లవారి తిరుగుప్రయాణంలో నారిన్ నుంచి బిష్కెక్ దాకా, సంబంధం కుదిరిన సంగతి శాదిబెక్ ఎవరికీ నోటితో చెప్పవలసిన పని లేకపోయింది.