చుక్కన్న కండువా

ఒక పెద్ద అడవిలో, పులులూ సింహాలూ ఎప్పుడో పక్క అడవికి వలసపోయి, మిగిలినవాళ్ళకి భయపడే పని తప్పిపోయాక, అందరికీ సాయంత్రాలు ఖాళీ అయిపోయాయి. ఖాళీగా ఉన్న ప్రాణి ఊరికే ఉంటుందా? ఫుట్‌బాల్ మొదలుపెట్టింది.

ఆ అడవి జట్టు పేరు తునికితోపు జట్టు. దానికి అభిమానులు బోలెడుమంది గానీ, అందరిలోకీ పెద్ద అభిమాని ముళ్ళపంది సూరన్న. అభిమాన సంఘానికి అధ్యక్షుడు కూడా అతనే. మైదానం గట్టు మీద ముందు వరసలో కూర్చునేవాడు. అతని చుట్టుపక్కల మాత్రం ఎవరూ కూర్చునేవారు కాదు. అధ్యక్షుడన్న గౌరవం అనుకునేరు, అదేం కాదు. కోపం వస్తే సూరన్న ముళ్ళు లేచి నిలబడతాయి. ఆ అడవిలో నోటితో అబద్ధాలాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, సూరన్నా ఆడగలడు. వీపు మాత్రం అతని మాట వినదు.

చిన్నప్పుడు సూరన్న కూడా ఒక్కసారి ఆట ఆడాడు. బంతి వీపుకి గుచ్చుకుంటే అలాగే నడుచుకుంటూ వెళ్ళి గోల్లో కూర్చున్నాడు. ఆటలో అప్పటిదాకా లేని రూలు ఒకటి అతని కోసమే పెట్టారు. అప్పట్నించీ చూడ్డమే.

ఆ చూడ్డంలో అతని కళ్ళకి పండగ చుక్కల దుప్పి చుక్కన్న. చుక్కన్న కాలికి బంతి అందిందంటే అవతలి జట్టు నోరు తెరుచుకుని నిలబడిపోయేది. ఒకసారి గోలు కాయాల్సిన అవతలి గోలీయే చప్పట్లు కొట్టి, ఆ చప్పట్ల మధ్యలోనే గోలు తిన్నాడు. సూరన్నకి పుట్టిన పిల్లలకి పెద్ద చుక్కన్న, నడిపి చుక్కన్న, చిన్న చుక్కన్న, చుక్కమ్మ అని పేర్లు. నలుగురిలో ఒక్కరి ఒంటి మీదా ఒక్క చుక్క లేదు. అన్నానికి ఒక్కసారి కేకేస్తే నలుగురూ వచ్చేవారు, స్నానానికి ఎన్నిసార్లు కేకేసినా ఒక్కరూ వచ్చేవారు కాదు.

కాలం ఎవరి మోకాలినీ వదలదు. చుక్కన్న ఆట మానేశాడు. అప్పటికి జట్టు మేనేజరు ఒక కొంగ. మైదానం చివర ఒంటికాలి మీద నిలబడి, నోరు విప్పకుండా, ప్రతి ఆటా ఒక్క గోలు తేడాతో గెలిపించేవాడు.

"గెలుస్తున్నాం సరే, గెలిచినట్టుందా?" అన్నాడు సూరన్న సంఘం మీటింగులో. "ఉప్పులేని కూడులా ఉంది. చుక్కన్నని మేనేజరు చేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి."

అందరూ ఊహించుకున్నారు. ఊహ బాగుంది. మర్నాటినుంచి గట్టు మీద ఒకటే నినాదం, "కొంగ పోవాలి, చుక్కన్న రావాలి." కొంగ మూడు ఆటలు విని, నాలుగో ఆటలో మొదటిసారిగా రెండో కాలు కూడా కింద పెట్టి, ఎగిరిపోయాడు.

ఆ అడవిలో మేనేజరు అంటే ఒక ఎర్ర కండువా. అది ఎవరి మెడలో ఉంటే వాడే మేనేజరు. సూరన్నే స్వయంగా, ముళ్ళు తగలకుండా జాగ్రత్తపడుతూ, చుక్కన్న మెడలో ఆ కండువా కప్పాడు. గట్టంతా కళ్ళు తుడుచుకుంది.

ఇంక ప్రాక్టీసు మొదలైంది.

గోలీ ఎలుగుబంటి బండన్న అడిగాడు, "అన్నా, బంతి పైనించి వస్తే ఏం చెయ్యాలి?"

"ఎగురు," అన్నాడు చుక్కన్న.

"నేను ఎగరలేనన్నా."

"ఎందుకని?" చుక్కన్నకి నిజంగానే అర్థం కాలేదు.

"ఎలుగుబంటిని కదన్నా."

"అదే నీ తప్పు. అలా అనుకోబట్టే బరువెక్కుతున్నావు."

కుందేలు అడిగింది, "గోలు కొట్టేముందు ఏం చూసుకోవాలన్నా?"

"ఏమీ చూడకూడదు. అదే వచ్చేస్తుంది."

"రాకపోతే?"

చుక్కన్న అన్నాడు, "ఏమో తమ్ముడూ, నాకు ఎప్పుడూ రాకపోలేదు."

ఆటలు మొదలయ్యాయి. బంతి గీత దాటి తన దగ్గరికి వస్తే చుక్కన్న ఊరుకోలేడు కదా. కాలితో లేపి, ముక్కు మీద ఆపి, కొమ్ముల మధ్య తిప్పి లోపలికి పంపేవాడు. గట్టు ఊగిపోయేది. అది చూసి ఆటగాళ్ళు గోలుకేసి కొట్టడం మానేసి, కావాలని బంతిని బయటికి, ఆయన వైపే కొట్టడం మొదలుపెట్టారు. వాళ్ళకీ చూడాలని ఉంటుందిగా మరి. అయిదు గోల్స్ తిని ఓడిపోయిన రోజు కూడా జనం, "ఆ ముక్కు మీద ఆపడం చూశావా, అబ్బ," అనుకుంటూ హాయిగా ఇళ్ళకి పోయారు.

అలా హాయిగా ఓడుతూ ఓడుతూ పట్టికలో అట్టడుక్కి చేరారు. చివరి ఆట వాగవతలి జట్టుతో. అదీ ఓడితే బురదగుంట లీగ్‌లోకి దిగిపోవాలి. అక్కడ కప్పలతోనూ పీతలతోనూ ఆడాలి. పీతలు ఫౌల్ చేస్తే అది ఏ కాలో తేల్చడానికే సాయంత్రం అయిపోతుంది.

ఇంట్లో సూరన్న భార్య సుందరమ్మ అడిగింది, "ఏమయ్యా, చుక్కన్న మీద కోపంగా ఉన్నావా?"

"ఎవరి మీద? ఆయన మీదా? ఛ ఛ. ఆయన దేవుడు."

"మరి నువ్వు లేస్తుంటే చాప కూడా లేస్తోందేం?"

సూరన్న వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ముళ్ళకి గుచ్చుకుని చాప వేలాడుతోంది. అక్కడే కూలబడ్డాడు. జట్టు బురదలోకి దిగిపోతే తను బతకలేడు. అలాగని చుక్కన్నని నోరారా ఒక్క తిట్టు తిడితే, ఆ తర్వాత పిల్లల్ని ఏమని పిలవాలి?

మర్నాడు సంఘం మీటింగు పెట్టాడు. అందరిదీ అదే రోగం. అడవిపంది లేచి, "చుక్కన్న మన దేవుడు, కానీ..." అని ఆగి కూర్చుంది. ముంగిస లేచి, "ఆయన కాలి గోటికి ఎవరూ సరిపోరు, కానీ..." అని గొంతు సవరించుకుంటూ ఉండిపోయింది. తాబేలు లేచి, "చుక్కన్న..." అని, "కానీ" దాకా వచ్చేసరికి తల లోపలికి లాగేసుకుంది. పొద్దు వాలేదాకా మీటింగు నడిచింది గానీ ఒక్కరూ ఆ "కానీ" దాటలేదు.

అప్పుడు సూరన్న బుర్రలో మెరిసింది. "ఒక మాట. ఆడిన చుక్కన్న వేరు, ఆడిస్తున్న చుక్కన్న వేరు. వాళ్ళిద్దరూ ఒకరే అని మనకి ఎవరు చెప్పారు?"

సంఘం కార్యదర్శి నక్క జగ్గప్ప. పాత చట్టాల పుస్తకం ఒకటి నమిలి చూసినవాడు. అతని కళ్ళు మెరిశాయి. "ఎవరూ చెప్పలేదు. మనమే అనుకున్నాం. తీర్మానం చేసేద్దాం."

చేసేశారు. చుక్కన్న మెడలో కండువా ఉన్నంతసేపూ అతను మేనేజరు. ఎవరైనా తిట్టొచ్చు. కండువా తీసేస్తే చుక్కన్న. కాళ్ళకి మొక్కాలి. ఇద్దరికీ ఎలాంటి చుట్టరికమూ లేదు. పోలికలు ఉంటే అది కాకతాళీయం.

భయం భయంగా వెళ్ళి సూరన్న ఈ సంగతి చుక్కన్నకి చెప్పాడు. చుక్కన్న బాధపడలేదు. పైగా, "ఇంతకాలం నాకూ ఏదో తేడాగా ఉంది సూరన్నా. ఆ మేనేజరు నాలా లేడు," అన్నాడు.

వారం రోజులు అడవికి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్న ప్రాక్టీసు దగ్గర అందరూ కండువాని కడుపునిండా తిట్టేవారు. సాయంత్రం "కండువా తియ్యన్నా" అని బతిమాలి, తీశాక ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "ఆ మేనేజరు మన జట్టుని ముంచేస్తున్నాడన్నా," అని ఏడ్చేవారు. చుక్కన్న వాళ్ళ వీపు నిమిరి, "వాడికి ఏం తెలుసురా ఆట," అని తనూ కళ్ళు ఒత్తుకునేవాడు. సూరన్న ముళ్ళు చాలాకాలానికి పడుకున్నాయి. ఇంట్లో చాప చాపలా ఉంది.

చివరి ఆట రోజు వచ్చింది. సగం ఆట అయ్యేసరికి వాగవతలి జట్టు రెండు గోల్స్ కొట్టేసింది. రెండూ బండన్న ఎగరబోయి కింద పడినప్పుడు వచ్చినవే. గట్టు మీద తిట్లు మోగిపోతున్నాయి. చుక్కన్న కుర్చీలో కూర్చుని అవన్నీ విన్నాడు. విన్నకొద్దీ ఆయనకి ఆ మేనేజరంటే ఒళ్ళు మండిపోయింది. లేచాడు. కండువా తీసి కుర్చీకి తగిలించాడు. గబగబా గట్టెక్కి వచ్చి సూరన్న పక్కన, ముల్లు దూరం వదిలి కూర్చున్నాడు.

"జరుగు సూరన్నా. ఆ ఖాళీ కండువాగాడికి ఇవాళ నేను చెప్తాను," అని గొంతు ఎత్తుకున్నాడు.

తిట్టే అభిమానులు చాలామందే ఉన్నారు గానీ అంత గొప్ప తిట్లు ఆ అడవి ఎన్నడూ వినలేదు. "ఒరే మేనేజరూ, ఎలుగుబంటిని ఎగరమంటావట్రా? బండన్నా, వాడి మాట వినకు. కాళ్ళు ఎడంగా పెట్టి అక్కడే నిలబడు. నీ ఒళ్ళే ఒక తలుపు. కుందేలూ, కళ్ళు మూసుకుని కొట్టమన్నాడా వాడు? చూసి కొట్టరా, ఎడంపక్క ఖాళీగా ఉంది."

అన్ని నెలల ప్రాక్టీసులో ఒక్కసారి కూడా ఆ నోట రాని మాటలు ఇవి. పాఠం చెప్పేటప్పుడు ఆయనకి తన కాళ్ళే కనిపించేవి. తిట్టేటప్పుడు ఎదుటివాళ్ళ కాళ్ళు కనిపించాయి.

బండన్న తలుపులా నిలబడ్డాడు. గీత అవతల బంతిని ముక్కు మీద ఆపేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, ఆటగాళ్ళు వేరే గతిలేక బంతిని గోల్లోకి కొట్టారు. మూడు రెండు గోల్స్‌తో తునికితోపు గెలిచింది.

జనం చుక్కన్నని ఎత్తుకోబోయారు. జగ్గప్ప నక్క అడ్డొచ్చాడు.

"ఆగండి. తీర్మానం మర్చిపోయారా? చుక్కన్న గట్టు మీద ఉన్నాడు, మనతోపాటు అరిచాడు, అంతే. మేనేజరు మొదటినుంచి చివరిదాకా కుర్చీ వదల్లేదు. గెలుపు మేనేజరుది."

అందరూ కుర్చీకేసి చూశారు. నిజమే, కండువా అక్కడే ఉంది. కదల్లేదు, బెదరలేదు. దండ తెచ్చి దానికే వేశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది చుక్కన్నే. "వాణ్ణి ఊరికే ఆడిపోసుకున్నాను," అన్నాడు పాపం.

మరుసటి ఏడాది కూడా కండువాయే మేనేజరు. గాలికి అంచు ఎడమకి ఎగిరితే జట్టు ఎడమకి పరుగెత్తేది. గాలి లేని రోజు నిలబడి ఎదురుచూసేది. చుక్కన్న రోజూ వచ్చి సూరన్న పక్కనే కూర్చునేవాడు. దేవుడొచ్చి పక్కన కూర్చుంటే అంతకంటే ఏం కావాలి? మొదటి ఆటకి సూరన్నకి ఆనందంతో ఆట కనపడలేదు. రెండో ఆటకి, సుందరమ్మ కట్టిచ్చిన ఇప్పపూలన్నీ దేవుడే తినేశాడు. మూడో ఆటకి, "నేనైతేనా" అని మొదలుపెట్టి ఆట అయ్యేదాకా ఆపలేదు. సూరన్న వీపు మీద ఎక్కడో ఒక ముల్లు కదిలింది. చేత్తో అణిచిపెట్టుకున్నాడు.

జట్టు మళ్ళీ ఓడడం మొదలుపెట్టింది. వానాకాలం వచ్చి కండువా తడిసి ముద్దయింది. ఎటూ సైగ చెయ్యడంలేదు.

ఆ సాయంత్రం చుక్కన్న గట్టు మీద లేచి నిలబడ్డాడు. "అన్నల్లారా, తమ్ముల్లారా. ఈ కండువాకి వయసైపోయింది. ఆటని సూరన్న చూసినట్టు ఈ అడవిలో ఎవరు చూశారు? జట్టుని కాపాడిన ఆలోచన ఎవరిది? సూరన్న మేనేజరైతే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి."

అందరూ ఊహించుకున్నారు. ఊహ బాగుంది.

"వద్దన్నా, నాకు చూడ్డమే తెలుసు," అని సూరన్న గొణిగాడు. కానీ దేవుడు స్వయంగా కండువా పిండి, ఆరబెట్టి, ముళ్ళు గుచ్చుకుంటున్నా లెక్కచెయ్యకుండా మెడలో కప్పుతుంటే వద్దని ఎలా అంటాడు? గట్టంతా కళ్ళు తుడుచుకుంది. సుందరమ్మ ఒక్కతే, "ఏమయ్యా, మనింట్లో నలుగురు చుక్కన్నలున్నారు. ఎవరింట్లోనైనా ఒక్క సూరన్న ఉన్నాడేమో కనుక్కున్నావా?" అంది.

ఆట మొదలైంది. సూరన్న మేనేజరు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. కాసేపటికే బండన్న కాళ్ళ సందులోంచి ఒక గోలు పోయింది. గట్టు మీద ముందు వరసలోంచి, జీవితమంతా తను పూజించిన గొంతు మెల్లగా వినిపించింది.

"సూరన్న నా ప్రాణం. కానీ..."

సూరన్న ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. కండువాని చీల్చుకుని, కుర్చీ వీపులోకి దిగబడ్డాయి. దండం పెట్టేసి ఇంటికి పోదామని లేవబోయాడు.

కుర్చీ కూడా లేచింది.

నీతి: దేవుడికి ఉద్యోగం ఇప్పించకండి, ఏదో ఒక రోజు ఆయన భక్తుడైపోయి, ఆ ఉద్యోగం మీకే ఇప్పిస్తాడు.